జట్రోఫా మీద రీసెర్చ్ చేస్తానంటోంది మా అమ్మాయి... వద్దనాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, వేరుశనగ రైతును. మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం చదువుతోంది. ఎంఎస్సీలో జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ తీసుకుని, బయోడీజిల్ పంటల గింజల్లో నూనెను నిర్ణయించే జన్యువుల మీద పనిచేస్తానంటోంది. అందులోనూ జట్రోఫా మీదే అంటోంది. 2006లో రెండెకరాల్లో జట్రోఫా పెట్టి, నాలుగేళ్లు చూసి పీకేసినవాణ్ణి నేను. ఆ పేరెత్తితేనే మా ఊళ్లో నవ్వుతారు. రేపు ఉద్యోగం సంగతేమిటని టెన్షన్‌గా ఉంది. వద్దని చెప్పమంటారా?

జవాబు: వద్దని చెప్పకండి. మీ భయం పంట విషయంలో సరైనదే. చదువు విషయంలో మాత్రం కాదు. ఈ రెండూ కలిసిపోవడం వల్లే మీకీ టెన్షన్.

ముందు మీ రెండెకరాల సంగతే చూద్దాం. 2003లో ప్రణాళికా సంఘం వేసిన కమిటీ బయోడీజిల్ కోసం జట్రోఫాను సిఫారసు చేసింది. దేశంలో కోటి హెక్టార్లకు పైగా వేయాలన్నది అప్పటి ఆలోచన. 2009 నాటి జాతీయ విధానం 2017కల్లా డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలంది. ఇంత పెద్ద లెక్కలు వేసినప్పుడు ఆ మొక్క ఇంకా అడవి మొక్కే. వరి, వేరుశనగల వెనక వేల ఏళ్లుగా రైతులు ఏరి దాచుకున్న విత్తనం ఉంది. జట్రోఫాకు నమ్మకమైన రకమంటూ రాకముందే నర్సరీల్లోంచి మొక్కలు పంచేశారు. దాని పూగుత్తిలో మగపూలు బోలెడు, ఆడపూలు కొన్నే. కాయ అయ్యేది ఆడపువ్వే. గింజలో నూనె శాతానికేం లోటు లేదు, 30 నుంచి 40 దాకా ఉంటుంది. మీ చేలో తక్కువైంది కాయలు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జట్రోఫా పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. పోర్చుగీసు నావికులు కొద్దిపాటి విత్తనం ఇటు తెచ్చారని చెబుతారు. అందుకే ఆసియాలో, ఆఫ్రికాలో ఉన్న మొక్కలు దాదాపు అన్నదమ్ముల బిడ్డల్లా ఉంటాయి. చూడటానికి ఒకటి పొట్టి, ఒకటి పొడుగు కావచ్చు. డీఎన్ఏ తీసి చూస్తే పెద్ద తేడా కనపడదు. తేడా లేనిచోట కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్ దేన్ని ఎంచుకుంటాడు? మెక్సికోలో మాత్రం విషం లేని జట్రోఫా కూడా దొరుకుతుంది. మన దగ్గరున్న రకాల చెక్క (గింజలోంచి నూనె తీశాక మిగిలేది) పశువులకు పెట్టలేకపోవడానికి ముఖ్య కారణం ఫోర్బాల్ ఎస్టర్లనే విషపదార్థాలు. వాటి తయారీని నడిపే చోటు క్రోమోజోముల్లో ఎక్కడుందో 2013లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు మ్యాపింగ్ చేసి గుర్తించారు. మొత్తం జన్యుపటం చిత్తుప్రతిని అంతకుముందే జపాన్‌లోని కజుసా సంస్థ విడుదల చేసింది. అంటే మీరు మొక్కలు నాటిన చాలా ఏళ్లకు సైన్స్ అక్కడికి చేరింది. మీ తప్పేమీ లేదు, బండిని గుర్రానికి ముందు కట్టారు అంతే.

ఇక మీ అమ్మాయి మోజుపడిన విషయానికొద్దాం. ఇందులో రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి. గింజలో ఎంత నూనె? అది ఎలాంటి నూనె?

మొదటిది మొండిది. ఎన్నో జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి. వాటికి తోడు వాన, నేల, కాయ ముదిరిన రోజుల్లో ఎండ. ఒకే విత్తనం రెండు ఊళ్లలో వేస్తే రెండు లెక్కలు వస్తాయి. అందుకే దీనికి ఓపికతో పాటు స్టాటిస్టిక్స్ కావాలి.

రెండోది కొంత తేలిక, నాకైతే ఎక్కువ అందంగా కనపడేదీ అదే. గింజలో తయారైన ఒలియిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లాన్ని లినోలియిక్ అనే మరో కొవ్వు ఆమ్లంగా మార్చే ఎంజైమ్ ఒకటుంది. దాని జన్యువు పేరు ఫ్యాడ్-2. లినోలియిక్ ఎక్కువైతే నూనె గాలి తగిలి త్వరగా పాడవుతుంది. బయోడీజిల్ నిలవ ఉండదు. పోనీ సంతృప్త కొవ్వులు పెంచుదామంటే చలికి గడ్డకడుతుంది. మధ్యేమార్గం ఒలియిక్. సింగపూర్‌లోని టెమాసెక్ ప్రయోగశాల వాళ్లు 2012లో జట్రోఫా గింజలో ఈ ఫ్యాడ్-2ను అణచి చూశారు. మామూలుగా 40 శాతానికి అటూ ఇటూగా ఉండే ఒలియిక్ 78 శాతం దాటింది. ఒక్క జన్యువు నోరు మూస్తే నూనె స్వభావమే మారిపోయిందన్నమాట.

ఇప్పుడు మీ చేలోకి రండి. వేరుశనగలోనూ ఇదే ఫ్యాడ్-2. కాకపోతే వేరుశనగ రెండు జాతులు కలిసి పుట్టిన పంట కాబట్టి ఆ జన్యువు రెండు జతలుంటుంది. రెండూ పనిచేయడం మానితేనే ఒలియిక్ బాగా పెరుగుతుంది. ఆ రెండు మార్పులనూ మార్కర్ల (కావాల్సిన జన్యువు మొక్కలో ఉందో లేదో చూపే డీఎన్ఏ గుర్తుల) సాయంతో ఒకే మొక్కలోకి తెచ్చి చేసినవే గిర్నార్-4, గిర్నార్-5. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, గుజరాత్ జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి వీటిని అభివృద్ధి చేశాయి, 2020లో విడుదలయ్యాయి. ఒలియిక్ దాదాపు 80 శాతం. వీటి నూనె త్వరగా కంపు కొట్టదు, పల్లీ పట్టీలు ఎక్కువ రోజులు నిలవుంటాయి. డీజిల్ ట్యాంకు కోసం వెతికిన గుణమే పల్లీ పట్టీకీ పనికొచ్చింది చూడండి.

ఆముదంలో కథ కాస్త వేరు. అందులో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలియిక్ ఆమ్లమే. జిగురెక్కువ కాబట్టి ఒంటరిగా మంచి బయోడీజిల్ కాదు. స్పెయిన్ శాస్త్రజ్ఞులు రిసినోలియిక్ బాగా తగ్గి, ఒలియిక్ పెరిగిన సహజ ఆముదపు రకాన్ని 2004లో వెల్లడించారు. అయినా లూబ్రికెంట్లకూ, ప్లాస్టిక్‌లకూ, మందులకూ ఇంత గిరాకీ ఉన్న నూనెను తగలబెట్టడం నాకు మనసొప్పదు.

కాబట్టి మీ అమ్మాయికి నా మాటగా ఇది చెప్పండి: పంటను కాదు, గుణాన్ని పట్టుకోమనండి. "నూనె నాణ్యత జన్యుశాస్త్రం తెలిసిన మనిషి" అనిపించుకుంటే వేరుశనగ, ఆముదం, పొద్దుతిరుగుడు, కుసుమ, ఆవ, ఏదైనా ఆమెదే. "జట్రోఫా మనిషి" అనిపించుకుంటే ఆ ఒక్క తలుపు మూసుకున్న రోజు వీధిలో నిలబడాలి.

ఇందులో మరీ లౌకికమైన కారణం కూడా ఉంది. ఎంఎస్సీలో పరిశోధనకు దొరికేది ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. జట్రోఫా చెట్టు పంట. సంకరం చేసి, మొలిపించి, కాపు చూసి, మరుసటి తరం దాకా వెళ్లేలోపు కోర్సు అయిపోతుంది. వేరుశనగ అయితే ఏడాదికి రెండు పంటలు చూడొచ్చు. థీసిస్ సగంలో ఆగిన పిల్లల్ని చూశాను, ఎక్కువమంది విషయంలో కారణం తెలివి కాదు, పంట కాలం.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. బయోడీజిల్ పంటల బ్రీడర్ కావాలని ప్రకటన ఇచ్చే కంపెనీ మీకు కనపడదు. ప్రభుత్వం ఊపంతా పెట్రోల్‌లో ఇథనాల్ మీద ఉంది, అది చెరకు, మొక్కజొన్న, బియ్యం లెక్క. బయోడీజిల్‌కు 2018 విధానం పెట్టుకున్న లక్ష్యం 2030కి 5 శాతం. విమానాల వైపు కొంత కదలిక ఉంది. 2018 ఆగస్టులో స్పైస్‌జెట్ విమానం డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి జట్రోఫా ఇంధనం కలుపుకుని ఎగిరింది. అంతర్జాతీయ విమానాల్లో 2027 నుంచి 1 శాతం సుస్థిర ఇంధనం కలపాలన్న లక్ష్యం కూడా ఉంది. కానీ దానికి వాడేసిన వంటనూనె, ఇథనాల్ కూడా ముడిసరుకే. దీన్ని నమ్ముకుని కెరీర్ కట్టుకోమని నేను చెప్పను.

నూనెగింజల బ్రీడర్‌కైతే దారులున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది, ఆముదం, పొద్దుతిరుగుడు, కుసుమ, నువ్వులు అక్కడి పంటలు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రాలు, ఇక్రిశాట్, హైదరాబాద్ చుట్టూ ఉన్న విత్తన కంపెనీలు సరేసరి. కంపెనీల్లో ఎక్కువ పోస్టులు పత్తి, మొక్కజొన్న, వరి, కూరగాయల్లో ఉంటాయి. అయినా మార్కర్లు, డేటా తెలిసిన బ్రీడర్‌ను పంట చూసి వెనక్కి పంపరు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) శాస్త్రవేత్తగా చేరితే మొదటి మూలవేతనం 57,700 రూపాయలు. కానీ ఆ పోటీ గట్టిది, పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక ఉండాలి. మధ్యలో సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 వస్తాయి కాబట్టి మీ మీద భారం పడదు.

ఇప్పుడు చేయాల్సింది ఐకార్ పీజీ ప్రవేశ పరీక్షకు చదవడం, పక్కనే స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం. స్టాటిస్టిక్స్ అంటే ముఖం చిట్లించే అమ్మాయైతే ఈ రంగం గురించి మరోసారి ఆలోచించాలి. సీటు వచ్చాక కాలేజీ పేరు కన్నా గైడ్‌ను చూసుకోవాలి. ఆయన దగ్గర చదివిన సీనియర్లకు ఫోన్ చేసి మూడు విషయాలు అడగమనండి. నూనె శాతం చూసే ఎన్ఎంఆర్, కొవ్వు ఆమ్లాలు విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రాలు పనిచేస్తున్నాయా, బీరువాలో తాళం కింద ఉన్నాయా? విద్యార్థులు సమయానికి థీసిస్ ఇచ్చారా? ఇచ్చినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?

మీ జట్రోఫా లెక్కలు, ఏ ఏడు ఎన్ని కిలోలొచ్చాయో రాసిన పుస్తకం అటక మీద ఉంటే దించి ఆమెకివ్వండి. ఇంటర్వ్యూలో "ఈ సబ్జెక్ట్ ఎందుకు?" అని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర నిజమైన జవాబు ఉంటుంది.