వాన సీన్ రాసే ముందు

తమ్మీ,

నీ స్క్రిప్ట్ చదివాను. నర్సంపేట తండ్రి పాత్ర చాలా బాగా వచ్చింది, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ "ఇప్పుడు ఏ టైపు కథ ఆడుతోంది అన్నా" అని అడిగావు చూడు, దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. 2025 సంక్రాంతి గుర్తు చేసుకో. మన నిజామాబాద్ నుంచి వెళ్లిన దిల్ రాజు సంస్థ నుంచే జనవరి 10న 'గేమ్ ఛేంజర్', 14న 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చాయి. ఏళ్లకేళ్లు తీసిన భారీ సినిమా బోల్తా కొట్టింది, దానికంటే ఎంతో తక్కువలో తీసిన రెండోదానికి జనం ఇంటిల్లిపాదీ కదిలారు. అంత అనుభవమున్న నిర్మాతకే ముందు అంతుపట్టనిది మనకెట్లా తెలుస్తుంది?

అందుకే హిట్ సంగతి వదిలేయ్. ఖర్చు మాత్రం కొంత మన చేతిలోనే ఉంటుంది. నీ పెళ్లి సీన్‌లో "రాత్రి, భద్రకాళి చెరువు కట్ట, జోరు వాన, కిక్కిరిసిన బరాత్" అని ఒక్క లైను రాశావు. ఆ లైనుకి వాటర్ ట్యాంకర్లు, జనరేటర్లు, లైట్లు, జూనియర్ ఆర్టిస్టులు, వాళ్ల భోజనాలు, బేటాలు (రోజువారీ చేతిఖర్చులు), తడిసిన బట్టలకు మారు జతలు, అన్నీ కావాలి. ఇంతా చేస్తే అక్కడ జరిగేది తండ్రి అప్పు కూతురికి తెలియడమే. అదే తెల్లారి ఫంక్షన్ హాల్లో పెట్టి చూడు. వాన వెలిసింది, టెంట్ హౌస్ పిల్లగాడు తడి షామియానా మడతపెడుతున్నాడు, తండ్రి చదివింపుల నోట్‌బుక్‌లో కూడికలు వేసుకుంటూ ఎందుకో ఒక పేజీ చింపి జేబులో పెట్టుకున్నాడు, అత్తారింటికి బయల్దేరబోతున్న కూతురు అది చూసింది. డైలాగే అక్కర్లేదు.

అట్లాగని ప్రతి వాననీ కొట్టేయమనను. క్లైమాక్స్‌లో చెరువు తెగే వాన నీ కథకు ప్రాణం, బడ్జెట్ లేదని ఎవరన్నా సరే దాన్ని వదులుకోకు.

ఖర్చు పెరిగిందనగానే కార్మికుల కూలీ వైపు వేలు చూపించేవాళ్లు కనిపిస్తారు, నమ్మకు. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ కూలీ 30 శాతం పెంచమని షూటింగులు ఆపితే, రోజుకు 2000 లోపు తీసుకునేవాళ్లకు చివరికి ఒప్పుకున్నది మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం. హీరోల పారితోషికాలు మనం ఎటూ మార్చలేం. కానీ యూనిట్ అంతా పొద్దున్నే టిఫిన్ చేసి లొకేషన్‌లో కూర్చుంటే ఆ రోజు డైలాగులు రాసిన సీన్ పేపర్ పదకొండింటికి వస్తుంది చూడు, అది మాత్రం మన రచయితల పాపమే, ఫైనాన్షియర్ వడ్డీ మన పేపర్ కోసం ఆగదు కదా. "సెట్లో రాసుకుందాంలే" అనే డైరెక్టర్‌తో నీ మొదటి సినిమా చెయ్యకు.

సెకండ్ డ్రాఫ్ట్ దసరాలోపు పంపు. హైదరాబాద్‌లో ఎవరికైనా కథ వినిపించే ముందు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించు. చిన్న సినిమా కదా, డబ్బుల సంగతి రిలీజయ్యాక చూద్దాం అంటారు, నువ్వు మాత్రం అగ్రిమెంట్ రాసుకుని అడ్వాన్స్ చేతికొచ్చాకే బౌండ్ స్క్రిప్ట్, అంటే డైలాగులతో సహా పూర్తయిన స్క్రిప్ట్, ఇవ్వు.