కుళ్లిన మొక్కల గురించి: నలభై లీటర్ల చేపల తొట్టెకు ఇవి చాలు

మీ చేపల తొట్టెలో మొక్కలు కుళ్లాయని, ఏవి వేయాలని అడిగారు కదా. మీ జావా ఫెర్న్ అనే నీటి మొక్క కుళ్లింది ఇసుకలో నాటడం వల్లేనండి. దానికి అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది, అది పూడిపోతే కుళ్లుతుంది. అనూబియాస్‌ అనే మొక్కదీ అదే తీరు. నల్లదారంతో రాయికో చెక్కముక్కకో కట్టేయండి, వేళ్లు అవే పట్టుకుంటాయి. రెండింటికీ గట్టి వెలుతురు అక్కర్లేదు, ఎరువూ దాదాపు అక్కర్లేదు.

భీమవరంలో మీ బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయన్నారు కాబట్టి ఇసుకలో వాలిస్నేరియా అనే నీటి మొక్క వేయండి. కొద్దిపాటి ఉప్పును, సున్నం ఎక్కువున్న గట్టి నీటిని అది ఓర్చుకుంటుంది. అయితే పిలకలు వేసుకుంటూ పోతుంది, అప్పుడప్పుడూ పీకక తప్పదు. క్రిప్టోకోరైన్ అనే మొక్క కూడా మంచిదే. కొత్త చోట నాటగానే ఆకులన్నీ రాల్చి భయపెడుతుంది. పారేయకండి, వేరు బతికే ఉంటుంది. నేను ఒకసారి తొందరపడి పారేసి బాధపడ్డాను.

మొక్కలు కాలువలోంచి తెచ్చుకోవచ్చా అని అడిగారు. గుర్రపుడెక్క జోలికి మాత్రం వెళ్లకండి. నాచు మొక్కలు తేవచ్చు కానీ, వాటితో నత్తలూ తూనీగ పిల్లలూ వస్తాయి, ఆ పిల్లలు చిన్న చేపలను తినేస్తాయి. పైగా చేలల్లో కొట్టిన పురుగుమందు కాలువలోకి దిగుతుంది. తెస్తే రెండు వారాలు వేరే బకెట్లో ఉంచి, నీళ్లు మారుస్తూ చూడండి.

దీపం రోజుకు ఆరేడు గంటలు చాలు. కిటికీ ఎండ పడనివ్వకండి, పాచి పడుతుంది.