వడ్డీ పెరిగితే ప్రభుత్వ బాండు ధర ఎందుకు తగ్గుతుంది?

ప్రభుత్వం హామీ ఉన్న బాండు ధర రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచగానే ఎలా పడిపోతుందని, నష్టానికైనా దాన్ని అమ్మి ఎక్కువ వడ్డీ ఇచ్చే కొత్త బాండు కొనుక్కోవడం మంచిదేనా అని మీరు అడిగారు. 2022లో ఇదే ఆందోళన నేనూ పడ్డాను కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

మన నల్లగొండ పల్లెల్లో నోటు రాయించుకుని అప్పులివ్వడం మీకు తెలిసిందే. నూటికి రూపాయి వడ్డీకి మీరు లక్ష ఇచ్చారనుకుందాం. ఆరు నెలలు తిరిగేసరికి ఊళ్లో రూపాయిన్నర వడ్డీ నడుస్తోంది. అవసరం పడి ఆ నోటును ఇంకొకరికి బదిలీ చేయబోతే, రూపాయిన్నర దొరికేచోట రూపాయి నోటుకు ఆయన పూర్తి లక్ష ఇవ్వడు, ఎంతో కొంత తగ్గించే అడుగుతాడు. అప్పు తీసుకున్న మనిషి మాట తప్పలేదు, నోటు మీది అంకె మారలేదు, మారింది బయట నడిచే వడ్డీ ఒక్కటే. బాండు కూడా ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చే నోటే. ప్రభుత్వం హామీ ఇచ్చేది వడ్డీకి, గడువు నాటి అసలుకు మాత్రమే. మధ్యలో పలికే ధరకు కాదు.

ఉద్యోగ విరమణ డబ్బులో రెండు లక్షలు పెట్టి, మనలాంటివారు నేరుగా ప్రభుత్వ బాండ్లు కొనుక్కునేందుకు రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో ప్రారంభించిన రిటైల్ డైరెక్ట్ ద్వారా, 2032 జనవరి 17న గడువు తీరే 6.54 శాతం బాండ్లను 2022 ఫిబ్రవరిలో కొన్నాను. అప్పుడు రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు ఇతర బ్యాంకులకిచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీ, 4 శాతం. ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు ధర ఎగబాకింది, ఏప్రిల్ ద్రవ్యోల్బణం 7.79 శాతంగా తేలింది. ఆ రేటును నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ ముందుగా అనుకోని సమావేశం జరిపి మే 4న రేటును 0.40 శాతం, జూన్ 8న మరో 0.50 శాతం పెంచింది. పదేళ్ల బాండ్ల రాబడి, అంటే ఆనాటి ధరకు కొన్నవారికి ఏటా గిట్టే శాతం, ఏడున్నర శాతం దాకా వెళ్లింది. ఆ నెలలోనే మా బత్తాయి తోటలో బోరు అడుగంటింది. చెట్లు కాపు మీద ఉన్నాయి, ఆగే వీలు లేదు. సగం బాండ్లు అమ్మితే నూరు రూపాయల ముఖవిలువకు (గడువు నాటికి చేతికొచ్చే అసలుకు) తొంభై మూడున్నర వచ్చింది, అంటే లక్షకు ఆరున్నర వేలు తక్కువ.

కొన్నవారి వైపు నుంచి చూస్తే రాబడి అంటే ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది. వారు పెట్టింది 93.50, దాని మీద ఏటా వచ్చే 6.54 రూపాయలు దాదాపు 7 శాతం. గడువు నాటికి నూరు చేతికొస్తుంది కనుక ఆ ఆరున్నర కూడా తొమ్మిదిన్నరేళ్లకు సర్దుకుని, మొత్తం రాబడి ఏడున్నర శాతం అవుతుంది. ధర దిగితే రాబడి పెరగడమంటే ఇంతే.

గడువు ఎంత దూరమైతే ధరలో ఊపు అంత ఎక్కువ. రాబడి ఒక శాతం పెరిగితే, 7 శాతం వడ్డీ బాండు ఏడాది గడువుదైతే రూపాయి లోపు తగ్గుతుంది, పదేళ్లదైతే ఏడు రూపాయల దాకా, ముప్పై ఏళ్లదైతే పదకొండుకు పైగా తగ్గుతుంది. పైగా మార్కెట్ ప్రకటన కోసం కాచుకుని కూర్చోదు. ధరలు మండుతున్నాయనో, ప్రభుత్వం అప్పులు ఎక్కువ చేయబోతోందనో తోచగానే బాండ్ల ధరలు ముందే కదులుతాయి.

నా దగ్గర మిగిలిన లక్షకు ఏటా జనవరి 17న, జూలై 17న 3,270 రూపాయల చొప్పున పడుతూనే ఉన్నాయి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటును 6.50 నుంచి 5.50కి తగ్గించినప్పుడు అవే బాండ్లు నూరు దాటాయి.

ఇక మీ రెండో ప్రశ్న. అదే గడువున్న కొత్త బాండులోకి మారడం వల్ల మీకు మిగిలేదేమీ ఉండదు, ఎందుకంటే మీ పాత బాండు ఈనాటి ధరకు కొత్తదానితో దాదాపు సమానమైన రాబడినే ఇస్తోంది. అక్కడ ఎక్కువగా వచ్చే వడ్డీని అమ్మకంలో ముందే వదులుకుంటారు. గడువు లోపల ఆ డబ్బుతో పని పడేట్టుంటే మాత్రం, ఎంత కావాలో, ఎప్పటికి కావాలో లెక్క వేసుకుని ఆ మేరకే ఏడాది లోపు గడువుకు ప్రభుత్వం చేసే అప్పు పత్రాలైన ట్రెజరీ బిల్లుల్లోకి మార్చుకోండి.