మిద్దె మీద టమాటా ఒక్కసారే విరగకాసింది, ఏం చేయాలి?

హైదరాబాద్ నాచారంలో సొంత ఇల్లు, మిద్దె మీద ఇరవై గ్రో బ్యాగుల్లో టమాటా. మార్చి మొదలైనప్పటి నుంచి రోజూ బుట్టెడు పండుతున్నాయి. ఇంట్లో తినేది నలుగురు. ఫ్రిజ్ నిండిపోయింది, పక్కింటివాళ్లు ఇక చాలంటున్నారు, పారేయడానికి చేతులు రావడం లేదు, ఏం చేయమంటారు అని అడిగారు కదా. మల్కాజిగిరిలో మా మిద్దె మీద కూడా ఏటా ఈ రోజుల్లో ఇదే వరస. నేను చేసే పద్ధతి చెబుతాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఇప్పుడు పండినదంతా ఇప్పుడే తినాలని ఎక్కడా లేదు. మార్చిలో టమాటా మార్కెట్లో చవగ్గా దొరుకుతుంది కాబట్టి మీరు పంచినా ఎవరికీ పెద్ద అపురూపం అనిపించదు. జూన్, జూలై వచ్చేసరికి కథ మారిపోతుంది. ఎండలకు మన చుట్టుపక్కల తోటలు దెబ్బతిని, నగరమంతా మదనపల్లె, కోలార్ నుంచి వచ్చే లారీల వైపు చూస్తుంటుంది. 2023 జూలైలో హైదరాబాద్‌లో కిలో వంద దాటింది, గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మీ మిద్దె మీద ఉన్నది ఆ జూలైకి కావాల్సిన టమాటా. అలా అనుకుని మొదలుపెడితే ఏ కాయను ఏం చేయాలో తేలిగ్గా తేలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం కోత. మొక్క మీదే ఎర్రగా పండాలని ఆగకండి. కాయ కింది కొన దగ్గర ఆకుపచ్చ పోయి లేత గులాబీ ఛాయ కనిపించిందంటే దోరకొచ్చినట్టే. అక్కడి నుంచి కాయకు మొక్కతో పెద్దగా పని లేదు, తనలో పుట్టే ఇథిలీన్ వాయువుతో తనే పండుతుంది. రుచి తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. పైగా మన ఎండకు ఇలా కోయడమే మేలు. మార్చి రెండో సగానికి మిద్దె మీద మధ్యాహ్నం వేడి 35 డిగ్రీలు దాటేస్తుంది. వేడి 30 డిగ్రీలు మించితే కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగ్గా తయారవదు. అందుకే మొక్క మీద వదిలేసిన కాయలు కింద ఎర్రబడినా భుజాల దగ్గర పసుపుగా, బిరుసుగా ఉండిపోతాయి. కోసి చూస్తే లోపల తెల్లటి గట్టి గుజ్జు కనిపిస్తుంది, కూరలో వేస్తే ఆ ముక్క ఎంతకీ ఉడకదు. దాన్ని తెగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు, అవసరం లేదు. అదే మొక్క కాయల్ని దోరగా కోసి ఇంట్లో నీడన పెడితే చక్కగా ఒకే రంగులోకి తిరుగుతాయి. ఉడతలు, చిలుకలు కొట్టే కాయల సంఖ్య కూడా బాగా తగ్గుతుంది, అవి వెతికేది ఎర్రటి పండునే.

కోసినవాటిని బుట్టలో గుట్టగా పోయకండి. పాత పేపర్ పరిచి, ముచ్చిక కిందికి వచ్చేలా బోర్లించి, ఒక్క వరసలో పెట్టండి. మెత్తటి భుజాల మీద బరువు పడుతుందేమో అనిపిస్తుంది గానీ, చెమ్మ బయటికి పోయేదీ బూజు లోపలికి చొరబడేదీ ముచ్చిక దగ్గరే, అందుకే ఆ వైపు మూసి ఉంచాలి. వెంటనే కావాల్సినవాటిని రెండు అరటిపండ్లతో కలిపి కాగితం సంచిలో పెడితే తొందరగా పండుతాయి. మిగతావి గాలి ఆడే చల్లటి గదిలో నెమ్మదిగా పండనివ్వండి. ఫ్రిజ్ మాత్రం దోరకాయలకు వద్దు. పన్నెండు డిగ్రీలకన్నా చల్లగా ఉంటే కాయ సరిగ్గా పండదు, మచ్చలు పడి మెత్తబడుతుంది, వాసన చచ్చిపోతుంది. బాగా పండినవాటిని మాత్రం ఫ్రిజ్‌లో నాలుగు రోజులు పెట్టుకోవచ్చు. మీ ఫ్రిజ్ నిండిపోయిందంటే అందులో సగం బయట ఉండాల్సిన కాయలేనని నా అనుమానం.

రోజూ సాయంత్రం ఒక పది నిమిషాలు కూర్చుని కాయల్ని ఏరండి. గట్టిగా నదురుగా ఉన్నవి పచ్చడికి, ఒరుగులకు. బాగా పండి మెత్తబడుతున్నవి ఫ్రీజర్‌కో ఆ రోజు వంటకో. పగిలినవి, పురుగు తొలిచినవి చెడు భాగం కోసేసి ఆ పూటే చారులో వేసేయండి, రేపటికి ఉంచొద్దు. ఒక్క కుళ్లిన కాయ పక్కనున్న నాలుగింటిని పాడు చేస్తుంది. అంత కష్టపడి పెంచిన కాయ చెత్తబుట్టలోకి పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే ఈ ఏరడం మా ఇంట్లో ఒక్క రోజు కూడా తప్పదు.

ఇక పచ్చడి. మార్చి, ఏప్రిల్ ఎండ దేవుడిచ్చిన వరం, గాలిలో చెమ్మ ఉండదు. కాయల్ని కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద తడి పూర్తిగా ఆరనివ్వండి. ఈ ఒక్క పనిలో తొందరపడితే జాడీ మొత్తం బూజు పడుతుంది. కిలో కాయలకు వంద గ్రాముల కల్లుప్పు, అర చెంచా పసుపు. ముక్కలు కోసి జాడీలో కలిపి మూత పెట్టండి, రోజుకోసారి పొడి గరిటెతో తిప్పండి. మూడో రోజుకు ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ముక్కల్ని చేత్తో గట్టిగా పిండి, పళ్లెంలో పరిచి మిద్దె మీద పెట్టండి. ఊటను పారబోయొద్దు, అందులో డెబ్బై, ఎనభై గ్రాముల గింజ తీసిన చింతపండు నానేసి అదీ ఎండలో పెట్టండి. అల్యూమినియం గిన్నెలు వద్దు, పులుపూ ఉప్పూ కలిసి తినేస్తాయి. స్టీలు, గాజు, పింగాణీ ఏదైనా సరే. ముక్క వేలితో నొక్కితే తడి అంటకుండా, విరగకుండా తోలులా వంగాలి. అంతకన్నా ఎండితే పచ్చడి పీచుపీచుగా వస్తుంది. అప్పుడు ముక్కలూ ఊటా చింతపండూ కలిపి రుబ్బండి.

కారం మొత్తానికీ ఒకేసారి కలపకండి. ఉప్పు ముద్దగానే జాడీలో దాచి, కావాల్సినప్పుడల్లా కొంచెం తీసి కారం, వేయించిన మెంతిపొడి, ఆవపొడి కలిపి, నువ్వుల నూనెలో వెల్లుల్లి, ఇంగువ, ఎండుమిరపకాయలతో పోపు పెట్టండి. కారం రంగు నల్లబడదు, ప్రతిసారీ కొత్త పచ్చడిలా ఉంటుంది. అమెరికాలోనో బెంగళూరులోనో పిల్లలుంటే ఆ ముద్ద పంపినా చాలు, పోపు వాళ్లు పెట్టుకుంటారు.

ఒరుగులు ఇంకా సులువు. కాయను వేలి మందాన చక్రాల్లా కోసి, కొంచెం ఉప్పు చల్లి, పలచటి గుడ్డ కప్పి ఎండబెట్టండి. సాయంత్రం కాగానే లోపలికి తెచ్చేయండి. టమాటాలో నూటికి తొంభై నాలుగు పాళ్లు నీరే కాబట్టి కిలో ఎండితే చారెడు మిగులుతుంది. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, కానీ రుచి అంతా అందులోనే ఉంటుంది. గలగలలాడేంత ఎండినవి మిక్సీలో పొడి చేసి గాలి చొరని సీసాలో పెట్టుకోండి. ఒక చెంచా పొడితో చారు ఘుమఘుమలాడుతుంది. ఏప్రిల్‌లో సాయంత్రం పూట ఉన్నట్టుండి వడగళ్ల వాన వస్తుంటుంది, పళ్లేలు మిద్దె మీద వదిలి బయటికి వెళ్లకండి.

ఫ్రీజర్‌లో పెట్టడానికి ఉడికించడం, తొక్క తీయడం ఏమీ అక్కర్లేదు. పండిన కాయల్ని కడిగి, ఆరబెట్టి, ముచ్చిక కోసేసి అలాగే కవర్‌లో పెట్టేయండి. కావాల్సినప్పుడు రాయిలాంటి కాయను కొళాయి కింద పట్టుకుంటే తొక్క దానంతటదే ఊడి చేతిలోకి వస్తుంది. కరిగాక మెత్తబడుతుంది కాబట్టి పచ్చి ముక్కలకు పనికిరాదు గానీ పప్పుకు, కూరకు, చారుకు బ్రహ్మాండం. చోటు తక్కువైతే గుజ్జు చిక్కగా ఉడికించి ఐస్ ట్రేలో పోసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఉడికించిన గుజ్జును సీసాల్లో పోసి నెలల తరబడి అలమరాలో పెట్టుకోవచ్చని చూపించే వీడియోలను నమ్మకండి. టమాటా పులుపు రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి మారుతుంది, చాలాసార్లు భద్రతకు కావాల్సిన హద్దుకు అటూ ఇటూగా ఉంటుంది. పులుపు చాలకపోతే గాలి ఆడని సీసాలో ప్రాణాంతకమైన బొటులిజం విషం తయారయ్యే ప్రమాదం ఉంది, చూపుకీ వాసనకీ తెలియకపోవచ్చు. గుజ్జును ఫ్రీజర్‌లోనే ఉంచండి. మన పచ్చడికి దండిగా ఉప్పు, చింతపండు, ఎండ, నూనె ఉన్నాయి కాబట్టి దాని సంగతి వేరు.

ఆ పూట వంటకు ఎక్కువ కాయలు ఖర్చు కావాలంటే మన హైదరాబాదీ టమాటే కా కట్‌ను మించింది లేదు. కిలో కాయలు అల్లం వెల్లుల్లి, కరివేపాకుతో ఉడికించి వడగట్టి, వేయించిన శనగపిండి రెండు చెంచాలు నీళ్లలో కలిపి పోసి, చిక్కబడ్డాక ఉడికించిన గుడ్లు వేసి, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లితో బగార్ (పోపు) పెడితే అన్నంలోకి ఇంకేం అక్కర్లేదు. పచ్చికాయలు మిగిలితే పల్లీలు, పచ్చిమిర్చి వేసి రోటి పచ్చడి.

పక్కింటివాళ్లు వద్దనడానికి కారణం, మనం ఇచ్చే కాయలు ఆ రోజే వండుకోవాల్సినంత పండిపోయి ఉండటం. ఈసారి దోరకాయలు ఇచ్చి చూడండి, వారం రోజులు వాడుకుంటారు. లేదా పోపు పెట్టిన పచ్చడి చిన్న సీసాలో ఇవ్వండి, కాదనేవాళ్లు ఉండరు.

ఇంటర్నెట్‌లో ఈ విషయం వెతికితే చలిదేశాలవాళ్ల సలహాలే ఎక్కువ కనిపిస్తాయి. వాళ్లకు ఈ కాపు ఆగస్టు, సెప్టెంబర్‌లో ఎండాకాలం చివర్లో వస్తుంది, మంచు పడేలోగా కోసేసుకుంటారు. మనల్ని తొందరపెట్టేది ఎండ. పగలు 35 దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత రాలిపోతుంది, కొత్త పిందె నిలవదు. ఎండను సగం ఆపే యాభై శాతం గ్రీన్ నెట్ కట్టి, ఉదయం సాయంత్రం సమంగా నీళ్లు పోస్తే ఉన్న కాయలు పగలకుండా చేతికొస్తాయి, అంతే. ఏప్రిల్ చివరికి తెల్లదోమ చేరి ఆకులు ముడుచుకున్న మొక్కల్ని పీకి, సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేయండి, పక్క కుండీల్లో మిర్చికి అంటకుండా ఉంటుంది. ఆ బ్యాగుల్లో ఎండకు తట్టుకునే తోటకూర, గోంగూర, బచ్చలి వేసుకోండి. వచ్చే సీజన్‌కు సగం బ్యాగుల్లో సెప్టెంబర్‌లో, మిగతా సగంలో అక్టోబర్ చివర్లో నారు పెడితే ఇంత కాపు ఒకేసారి మీద పడదు.

మీవి నాటు కాయలో, తొక్క మందంగా ఉండే హైబ్రిడ్ కాయలో రాయండి. నాటువైతే పులుపు ఎక్కువ కాబట్టి పచ్చడిలో చింతపండు సగానికి తగ్గించాల్సి ఉంటుంది.