అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ చరిత్రలో అత్యుత్తమ బాస్కెట్‌బాల్ ఆటగాడిని ఎలా నిర్ణయించాలి?

అమెరికా విశ్వవిద్యాలయ క్రీడాజట్ల కూటమిగా 1953లో ఏర్పడిన ఈ కాన్ఫరెన్స్ పేరు వినగానే చాలామందికి మైకేల్ జోర్డాన్ గుర్తుకు వస్తాడు. కానీ ఇక్కడ తూచవలసింది కళాశాల ఆటను మాత్రమే, ఆ తరువాత అమెరికా వృత్తి లీగ్ అయిన ఎన్‌బీఏలో గడించిన కీర్తిని కాదు. 1982 జాతీయ ఫైనల్‌లో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయాన్ని గెలిపించిన షాట్ అతడిదే అయినా, అక్కడ అతడు ఆడినది మూడు సీజన్లే.

మొత్తం పాయింట్లు కూడా నమ్మదగిన కొలమానం కావు. 1972కు ముందు మొదటి సంవత్సరం విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కారు. దూరం నుంచి వేసిన షాట్‌కు రెండుకు బదులు మూడు పాయింట్లు ఇచ్చే గీత 1986లో గాని దేశమంతటా రాలేదు. అందువల్ల నాలుగేళ్లలో 2,872 పాయింట్లు సాధించిన టైలర్ హాన్స్‌బ్రోను, మూడేళ్లే ఆడగలిగిన నార్త్ కరొలైనా స్టేట్ ఆటగాడు డేవిడ్ థాంప్సన్‌తో అంకెలలో పోల్చడం న్యాయం కాదు.

నా నిర్ణయంలో థాంప్సనే ప్రథముడు. డంక్ (ఎగిరి బంతిని చేత్తో నేరుగా బుట్టలోకి కుక్కడం) నిషేధంలో ఉన్న కాలంలో ఆడుతూ, మూడేళ్లూ కాన్ఫరెన్స్ ఉత్తమ ఆటగాడిగా నిలిచి, వరుసగా ఏడుసార్లు జాతీయ విజేతైన లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయ జట్టు యూసీఎల్ఏను 1974 సెమీఫైనల్‌లో ఓడించిన జట్టుకు అతడే ప్రాణం. ఆ ఏడాది టైటిల్ కూడా ఆ జట్టుదే. మూడుసార్లు దేశపు ఉత్తమ ఆటగాడైన వర్జీనియా ఆటగాడు రాల్ఫ్ శాంప్సన్‌కు జాతీయ టైటిల్ దక్కలేదు, అయితే జట్టు ఓటమిని ఒక్కరిపైనే మోపలేము గనుక, డ్యూక్‌కు రెండు టైటిళ్లు అందించిన క్రిస్టియన్ లేట్నర్ కంటే అతడినే ముందు నిలుపుతాను.