విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142 విమానం మళ్లీ ఎగరగలదా? ఆరుబయట ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఎగరలేదు. 1988లో నౌకాదళంలో చేరి, జలాంతర్గాముల వేటలో 29 ఏళ్లు పనిచేసి, 2017 మార్చిలో అరక్కోణంలో రిటైరైంది. విశాఖదాకా సొంత రెక్కలమీదే వచ్చింది. ఆ తర్వాత భాగాలుగా విడదీసి, రోడ్డుమీద తెచ్చి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదుట బిగించారు. అలా ప్రదర్శనకోసం బిగించినదాన్ని ఎగిరే స్థితికి తేవడమంటే దాదాపు కొత్తగా కట్టినంత పని.

ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఉప్పుగాలి చేతిలో ఉంది. విమానం ఒళ్లు ప్రధానంగా అల్యూమినియం మిశ్రమలోహం. ఉక్కు బోల్టు తగిలేచోట ఉప్పుతేమ చేరితే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల తెల్లటి పొడి రాలుతుంటుంది. అందుకే మంచినీటితో కడగాలి, నీరు జారే రంధ్రాలు పూడకుండా చూడాలి, పక్షులు గూళ్లు పెట్టకుండా ఇంజన్ల నోళ్లు మూయాలి. నా మటుకు నాకు రంగుకన్నా పైకప్పు ముఖ్యం.

వెళ్తే ప్రొపెల్లర్లు చూడండి. ఒక్కో ఇంజన్‌కు రెండేసి, ఒకదాని వెనుక ఒకటి. ఎగిరేరోజుల్లో ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి. నేనైతే అక్కడే అరగంట నిలబడిపోయాను.