‘నీ ఇష్టం’ అన్నాక కూడా అడుగు పడటం లేదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. అనంతపురంలో ఉంటున్నాం. మా ఆయన ప్రభుత్వోద్యోగి. బాబు ఇంటర్ రెండో సంవత్సరం, పాప ఎనిమిదో తరగతి. 72 ఏళ్ల అత్తయ్య మాతోనే ఉంటారు, ఆమెకు రెండు పూటలా ఇన్సులిన్ నేనే వేస్తాను. తీరిక వేళల్లో జాకెట్లు కుడతాను. కడపలో డిగ్రీ కలిసి చదువుకున్న నలుగురు స్నేహితురాళ్లం, ఒక శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ధర్మవరంలో ఒకామె పుట్టింట్లో ఉండి, దగ్గర్లోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల పని నేర్చుకుని, మిగిలిన సమయంలో కుట్లు, అల్లికలు చేసుకుందామని అనుకున్నాం. తలా రూ. 3,500 అవుతుంది, నా వంతు నా కుట్టు డబ్బే. మా ఆయనను అడిగితే ‘నీ ఇష్టం’ అన్నారు, ఆ రోజు నుంచి మాట తగ్గించారు. అత్తయ్య ‘తోలు పని మనకెందుకు, సంసారం చేసుకునే ఆడవాళ్లు రెండు రాత్రులు బయట పడుకోవడమేమిటి’ అన్నారు. నేర్చుకుంటే దీపపు తొడుగులు చేసి అమ్మవచ్చని, మొదటిది మీకే ఇస్తానని కూడా చెప్పి చూశాను. లేపాక్షి గుడికి వెళ్తున్నామని చెప్పెయ్యమని స్నేహితురాళ్లు అంటున్నారు. మా ఆయన మాత్రం ఏటా స్నేహితులతో మూడు నాలుగు రోజులు టూరు వెళ్లి వస్తారు. నాది స్వార్థమా? అబద్ధం చెప్పి వెళ్లాలా, మానుకోవాలా?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అందులో పని నేర్చుకోవడం వల్ల వచ్చే లాభం ఉంది, అత్తగారికి ఇవ్వబోయే కానుక ఉంది, ఖర్చు మీ సొంత డబ్బేనన్న సంజాయిషీ ఉంది. ‘నాకు వెళ్లాలని ఉంది’ అన్న మూడు మాటలు మాత్రం ఎక్కడా లేవు. నాకు రాసిన ఉత్తరంలోనే లేవంటే ఇంట్లో కూడా ఆ మాట మీ నోటి నుంచి వచ్చి ఉండదని అనుకుంటున్నాను. మీ ఇంటి చిక్కులో సగం అక్కడే ఉంది.

ముందుగా ‘నీ ఇష్టం’ సంగతి చూద్దాం. మన ఇళ్లలో ఈ మాటకు ఉన్నన్ని అర్థాలు మరో మాటకు ఉండవు. మనస్ఫూర్తిగా ఒప్పుకున్నప్పుడూ ఇదే అంటారు, ఒప్పుకోలేక, కాదన్న నింద మోయడానికీ ఇష్టం లేక తప్పుకునేటప్పుడూ ఇదే అంటారు. రెండో అర్థంలో అన్నప్పుడు వెళ్లాలో మానాలో తేల్చే భారమంతా ఎదుటి మనిషి నెత్తిన పడుతుంది. వెళితే నేను వద్దంటున్నా వెళ్లిందని అనవచ్చు, మానితే నేనేమీ ఆపలేదని అనవచ్చు. మీ భర్త దీన్ని ఎత్తుగడగా వాడారని నేను అనడం లేదు. తనకేం తోస్తున్నదో తనకే తేలని మగవాళ్లు కూడా ఈ మాట వెనుకనే దాక్కుంటారని ఇన్నేళ్ల కౌన్సెలింగ్‌లో చూశాను. మీరు లేని రెండు రోజులు అమ్మ సూది ఎవరు వేస్తారన్న బెంగ కావచ్చు, తన తల్లి అన్న మాటకూ మీకూ మధ్య నలుగుతుండవచ్చు, లేదా భార్య తను లేకుండా సంతోషంగా ఉండగలదన్న సంగతి కొత్తగా కనిపించి కొంచెం గుచ్చుకుని ఉండవచ్చు. ఇందులో ఏది నిజమో మీరూ నేనూ ఊహించి తేల్చలేము, ఆయనను అడిగితేనే తెలుస్తుంది.

అడిగే వేళ, అడిగే తీరు రెండూ ముఖ్యమే. అత్తగారు వింటుండగా వద్దు, ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా అసలే వద్దు. పిల్లలు పడుకున్నాక మిద్దె మీద కూర్చుని, ‘నాకు ఈ రెండు రోజులు వెళ్లాలని ఉంది. దీనివల్ల డబ్బు వస్తుందని కాదు, ఆ ముగ్గురితో కలిసి కూర్చుని చేతులతో ఏదైనా చేయాలని ఉంది. నీ ఇష్టం అన్నారు గానీ మీరు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, మీకేది ఇబ్బందిగా ఉందో చెబితే దానికి ఏర్పాటు చేసుకుని వెళ్తాను’ అని చెప్పండి. ఈ మాటల్లో అనుమతి కోసం బతిమాలడం లేదు, తిరుగుబాటూ లేదు. మీరు వెళ్తున్నారన్నది తేలిపోయింది, ఎలా వెళ్లాలన్నది మాత్రం ఇద్దరూ కలిసి తేల్చుకోవలసి ఉంది. ఆ తరువాత ఆయన కాసేపు మౌనంగా ఉంటే ఉండనివ్వండి. ఆ మౌనాన్ని భరించలేక ‘సరే లెండి, మానేస్తాను’ అని మీరే అనేస్తారేమోనన్నది నా భయం. ఇలాంటి సంభాషణలు ఎక్కువగా చెడిపోయేది అక్కడే.

ఆయన ఏటా వెళ్లే టూరు గురించి రాశారు. పోలిక న్యాయమైనదే, మీ వైపు తూకం మొగ్గుతుందనడంలో సందేహం లేదు. అయినా దానితో మాట మొదలుపెట్టవద్దని నా సలహా. మొదటి మాటే అదైతే సంభాషణ మీ రెండు రోజుల మీద నుంచి ఆయన పదేళ్ల టూర్ల మీదకు పోతుంది, ఇక ఆ రాత్రి మీ ప్రయాణం తేలదు. ఆయనే ‘ఇల్లు వదిలి వెళ్లడం అవసరమా’ అని అడిగితే మాత్రం, మీరు వెళ్లినప్పుడు ఇల్లు నేను చూసుకున్నాను కదా అని ఒక్క వాక్యంలో, గొంతు పెంచకుండా గుర్తుచేయండి.

ఇక లేపాక్షి అబద్ధం. స్నేహితురాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, మన వైపు గుడి పేరు చెబితే ఏ ఇంట్లోనైనా గడప దాటనిస్తారన్నది వాళ్లకు తెలుసు. కానీ ఆలోచించండి. మీరు తిరిగి రాగానే అత్తగారు కుంకుమ అడుగుతారు, వీరభద్రస్వామి దర్శనం ఎలా జరిగిందని అడుగుతారు, వేలాడే స్తంభం చూశారా అని పాప అడుగుతుంది. మీ గోళ్ల సందుల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఇంకా పోయి ఉండవు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి పాపతో సహా ఇంటిల్లిపాదికీ పది అబద్ధాలు చెప్పవలసి వస్తుంది. అది బయటపడిన రోజున రెండు రాత్రులు ఎక్కడున్నావన్న ప్రశ్న పుడుతుంది, ఇప్పుడు ఎవరి మనసులోనూ లేని అనుమానానికి మీరే చోటిచ్చినట్లవుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. గుడి పేరు చెప్పి వెళితే, గుడికైతేనే వెళ్లవచ్చునన్న కట్టుబాటును మీరే ఒప్పుకున్నట్లు. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లాలన్నా మరో గుడి వెతుక్కోవాలి.

అత్తగారి అభ్యంతరాన్ని రెండుగా విడదీసి చూడాలి. రాత్రుళ్లు బయట ఉండటమన్నది ఆమె తరానికి నిజంగానే భయం కలిగించే విషయం. ఉండబోయేది లాడ్జీలో కాదని, స్నేహితురాలి పుట్టింట్లోనని, అక్కడ పక్కింటివాళ్లు కూడా తెలిసినవాళ్లేనని చెప్పి, వీలైతే ఆ స్నేహితురాలి చేత అత్తగారితో ఒకసారి ఫోనులో మాట్లాడించండి. ధర్మవరం 2022 వరకు మన జిల్లాలోనే ఉండేది. జిల్లా మారింది గానీ దూరం మారలేదు, కబురు అందితే గంట, గంటన్నరలో ఇంట్లో ఉండగలరు.

‘తోలు పని మనకెందుకు’ అన్నది వేరే సంగతి. ఆ మాటలో ఉన్న కులపు పట్టింపును నేను సమర్థించలేను, మీరూ తల ఊపనక్కరలేదు. అలాగని 72 ఏళ్ల మనిషికి ఉపన్యాసం ఇచ్చి మార్చగలమని కూడా నేను అనుకోను. ఆమెను ఒక ప్రశ్న అడిగి చూడండి. చిన్నప్పుడు మీ ఊళ్లో తోలుబొమ్మలాట ఆడేవారా అని అడగండి. ఆ వయసువారిలో చాలామంది తెల్లపంచె తెర ముందు తెల్లవార్లూ కూర్చుని రామాయణం చూసినవారే, కేతిగాడు, బంగారక్కల మాటలకు పడీపడీ నవ్వినవారే. వానలు లేని ఏడు విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందని నమ్మిన సీమ మనది. ఆ తెర మీద ఆమె దండం పెట్టుకున్న రాముడు తోలు మీద గీసిన రాముడే. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందని కూడా చెప్పవచ్చు, కాని అవార్డు కన్నా ఆమె జ్ఞాపకమే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. ఆమె మనసు మారకపోయినా ఫరవాలేదు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నాకే బయలుదేరాలన్న నియమం ఏమీ లేదు.

అన్నిటికన్నా పట్టించుకోవలసింది ఇన్సులిన్. ఇక్కడ భావోద్వేగాలతో పని లేదు, జాగ్రత్తతోనే పని. వెళ్లడానికి కనీసం పది రోజుల ముందు నుంచి సూది మీ భర్త చేత వేయించండి, మీరు పక్కన నిలబడి చూడండి. బాబుకూ నేర్పండి, 17 ఏళ్ల పిల్లవాడు నానమ్మకు సూది వేయడం నేర్చుకుంటే నష్టమేమీ లేదు. ఏ పూట ఎన్ని యూనిట్లో డాక్టరు చీటీ చూసి పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. సూది వేశాక భోజనం ఆలస్యం కాకూడదని గట్టిగా చెప్పండి. చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడటం కనిపిస్తే, ఆమె స్పృహలో ఉండి మింగగలిగితే, వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. తగ్గకపోతే, లేదా స్పృహ తప్పితే, నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టరు నంబరు ఇద్దరి ఫోనుల్లోనూ ఉండాలి. ఇదంతా మీ ప్రయాణం కోసమే అనుకోకండి. రేపు మీకే జ్వరం వస్తే ఆ ఇంట్లో సూది వేయగలిగినవారు ఇంకెవరూ లేరన్నది ఇప్పటికే ఉన్న ప్రమాదం, ఈ ప్రయాణం వల్ల అది బయటపడింది, అంతే.

పిల్లల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. బాబుకు పబ్లిక్ పరీక్షలు ఉండే నెల, దానికి ముందు నెల విడిచిపెట్టండి. రెండు రోజులకు సరిపడా కూరలు, పచ్చళ్లు చేసి డబ్బాల మీద పేర్లు రాసిపెట్టి వెళ్లే అలవాటు మీకుంటే ఈసారి మానుకోండి. ఎగ్గు రైస్ తిని ఇద్దరు పిల్లలూ శనివారం గడిపేస్తారు.

ఒక మాట ఆ రెండు రోజుల గురించి కూడా చెప్పాలి. చాలా ఏళ్ల తరువాత కలిసే నలుగురూ ఆ కాస్త సమయంలోనే అన్నీ చేసెయ్యాలని అనుకుని, చివరికి అలసటతోనో చిన్న మాట పట్టింపుతోనో తిరిగి రావడం నేను విన్నాను. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, సాగదీసి ఎండబెట్టే పని మీరు వెళ్లేసరికే అక్కడివారు చేసి ఉంచుతారు. మీ వంతు గీత గీయడం, చిన్న ఉలితో చిల్లులు కొట్టడం, రంగులు వేయడం. కొత్తవారికి ఒక చిన్న చిలుకో, ఒక దీపపు తొడుగో పూర్తయితే అదే ఎక్కువ. నేర్పేవారికి ఇవ్వవలసిన మొత్తం ముందే మాట్లాడుకుని, బేరమాడకుండా ఇవ్వండి. నలుగురిలో ఎవరికైనా రూ. 3,500 భారమైతే ఆ సంగతి ఇప్పుడే, ఆమె చిన్నబుచ్చుకోకుండా సర్దుకోండి. శుక్రవారం రాత్రి మాత్రం ఏ పనీ పెట్టుకోవద్దు, ఇరవై ఏళ్ల మాటలు ఉంటాయి.

ఇన్ని చెప్పాక కూడా మీ భర్త గట్టిగా వద్దంటే ఏం చేయాలి? కారణం ఏర్పాటుతో తీరేదైతే తేదీ మార్చుకోండి, కొత్త తేదీ మాత్రం ఆ రోజే ఖాయం చేసుకోండి. కారణమేమీ చెప్పకుండా వద్దంటే, లేదా వెళితే ఇంట్లోకి రానివ్వనన్న తరహా మాటలు వస్తే, అది బొమ్మల పనికి సంబంధించిన సమస్య కాదు. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్ దగ్గరికి రావలసి ఉంటుంది, ఆయన రాకపోతే మీరొక్కరైనా రండి. మీ ఉత్తరంలో అలాంటి ఛాయ నాకు కనిపించలేదు, మాట తగ్గించిన ఒక మనిషి మాత్రమే కనిపించారు.

స్వార్థమా అని అడిగారు. ఏడాదికి 365 రోజులు రెండు పూటలా సూది వేసే మనిషి రెండు రోజులు అడిగితే దానికి ఆ పేరు నేను పెట్టను. మీరు చేయబోయే ఆ మొదటి దీపపు తొడుగును అత్తగారికి ఇస్తానన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి. చిల్లులు వంకరగా పడతాయి, రంగు గీత దాటుతుంది, అది కానుకగా ఇచ్చేంత బాగా రాదు. కుట్టు మిషను పక్కన పెట్టుకుని, సాయంత్రం దాని వెలుతురులో జాకెట్లు కుట్టుకోండి. అత్తగారు అడిగితే, కావాలంటే రెండోది చేసి ఇస్తానని చెప్పండి.